తిమ్మయ్య గారి కుడి చెవి

డోన్ పట్టణ సూక్ష్మ మోటారు వాహన క్రీడాకారుల సంఘం 2006 నవంబరు సర్వసభ్య సమావేశంలో, మూడు గంటల చర్చ, రెండు విడతల టీ అనంతరం, ఏకగ్రీవంగా ఆమోదించిన మూడో తీర్మానం ఇది: సంఘానికి చెందిన కారు ఇంజన్ సరిగా పలుకుతున్నదా లేదా అనే విషయంలో వివాదం తలెత్తినచో శ్రీ తిమ్మయ్య గారి కుడి చెవే అంతిమ ప్రమాణం. ఎడమ చెవి సంగతి తదుపరి సమావేశంలో పరిశీలించబడును.

తీర్మానం నంబరు మూడు కాబట్టి మొదటి రెండూ ఏమిటని పాఠకులు అడగవచ్చు. మొదటిది సంఘానికి పేరు పెట్టడం. రెండోది ఆ పేరు మార్చడం.

సంఘంలో మొత్తం పదకొండు మంది. పదకొండు మందికీ పదవులున్నాయి. ఉత్త సభ్యుడిగా ఉండటానికి మన ఊళ్లో ఎవరు ఒప్పుకుంటారు? అధ్యక్షులు గోవిందయ్య శెట్టి గారికి బజారులో ఇనుప సామాన్ల దుకాణం. కార్యదర్శి ప్రదీప్‌కుమార్ ఏదో సర్కారీ ఆఫీసులో గుమాస్తా కనుక తీర్మానాల భాష ఆయన చేతిలో నీళ్లలా పారుతుంది. ఇక ఉపాధ్యక్షులు నలుగురు, సహ కార్యదర్శులు ముగ్గురు, ప్రచార కార్యదర్శి ఒకరు, గౌరవ సలహాదారు ఒకరు. మూడో సహ కార్యదర్శి చేయవలసిన పని ఏమిటో ఆయనకే ఇంతవరకు తెలియదు. ఇంతమందికీ కలిపి కారు ఒకటి. దాని పొడవు మూరెడు.

ఆ కారు కువైట్ నుంచి వచ్చింది. అక్కడ ఒక పెద్దింట్లో డ్రైవరుగా ఉన్న మన దావీదురాజు, యజమాని కొడుకు ఆడి ఆడి విసుగెత్తి పారేసిన ఆ బొమ్మ కారును దుప్పట్లలో చుట్టి సూట్‌కేసులో పెట్టుకొచ్చాడు. కొడుకు కువైట్ నుంచి కారు తెస్తున్నాడని తల్లి విశ్వాసమ్మ ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పింది. ఆటో దిగిన దావీదురాజును చూడటానికి వచ్చిన వీధి జనం, ఆటో వెనకాల తాడు కట్టి ఉంటుందేమోనని రోడ్డు చివరిదాకా చూశారు. సూట్‌కేసు తెరిచాక ఎవరూ ఏమీ అనలేదు. అంతటి మౌనం ఆ వీధి అంతకు ముందు ఎరగదు.

బొమ్మే గాని దానికి నిజమైన ఇంజన్ ఉంది. నిమ్మకాయంత ఇంజన్. స్పిరిట్టు, నైట్రో, ఆముదం కలిపిన నూనె తాగుతుంది. తాడు లాగితే అంటుకుంటుంది. చేతిలోని రేడియో పెట్టె మీట నొక్కితే గంటకు యాభై మైళ్లు పరుగెత్తుతుంది. దాని ప్రాణమంతా పక్కన ఉన్న ఒక చిన్న స్క్రూలో ఉంది. సెలవు ముగిసి వెళ్తూ దావీదురాజు కారునూ, నూనె డబ్బాలనూ సంఘానికి అప్పజెప్పి, తనకు తెలిసిన విద్యంతా ఒక్క ముక్కలో చెప్పాడు.

"స్క్రూ బిగిస్తే ఉరుకుతాది, శానా బిగిస్తే కాలి బిగుసుకొని చస్తాది, వదిలితే పొగ కక్కుతాది. అంతే అప్పా."

కారుతో పాటు ఒక పుస్తకం కూడా వచ్చింది. అది జపాను భాషలో ఉంది. ఎవరికీ అర్థం కాలేదు కాబట్టి దాని మీద గౌరవం పెరిగింది. ప్రదీప్‌కుమార్ దాన్ని పేజీ పేజీకి ప్లాస్టిక్ తొడుగు వేయించి సంఘ కార్యాలయంలో, అంటే గోవిందయ్య గారి దుకాణం మిద్దె మీద, పటం కట్టించాడు.

తర్వాత కారును మహానందికి తీసుకుపోయి వాహన పూజ చేయించారు. కొత్త వాహనమన్నాక చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాలి కదా. నాలుగు నిమ్మకాయలు పెట్టేసరికి కారు వాటి మీదికెక్కి కూర్చుంది. ముందుకూ రాదు, వెనక్కూ పోదు. అయ్యవారు చాలాసేపు ఆలోచించి, శాస్త్రంలో కాయ అన్నారే గాని పరిమాణం చెప్పలేదని తేల్చారు. రేగుపండ్లతో కార్యం సఫలమైంది.

అసలు ఇబ్బంది స్క్రూ దగ్గర మొదలైంది. పదవి ఉన్న ప్రతివాడికీ దాన్ని తిప్పే హక్కు ఉంటుందని మన సంఘం ఆదిలోనే నిర్ణయించింది. ఊరి చివర నాపరాళ్ల పాలిషింగ్ యార్డులో, ఎండకు మెరిసే బండల మీద కారును నిలబెట్టి, తలా ఒక పావు తిప్పు బిగించారు. తిలా పాపం తలా పిడికెడు. ఎవరు తిప్పిందీ తప్పు కాదు, ఎందుకంటే పావు తిప్పు చాలా చిన్నది. పదకొండు పావులు కలిస్తే ఎంతవుతుందో మాత్రం ఎవరూ కూడలేదు. కారు కేక పెట్టి, రెండు చుట్లు తిరిగి, ఆగిపోయింది. దాన్ని ముట్టుకున్న రెండో ఉపాధ్యక్షుడి వేళ్ల మీద నాలుగు బొబ్బలు లేచాయి. ఇంజన్ అప్పటికి చావకుండా బతకడం మహానందీశ్వరుడి దయ అని రికార్డులో రాసుకున్నారు. అలా పుట్టింది మూడో తీర్మానం.

ఇక తిమ్మయ్య గారి సంగతి. ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. ఆయిల్ ఇంజన్ల మెకానిక్. బావుల మీద డీజిల్ ఇంజన్లు డబడబలాడిన కాలంలో ఆయనను చెవి తిమ్మయ్య అనేవాళ్లు. కోయిలకుంట్ల రైతులు కూడా ఇంజన్‌ను బండికెత్తుకొని ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. ఆయన స్క్రూడ్రైవర్ కొస ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి ఆనించి, కళ్లు మూసుకునేవాడు. లోపల ఏ రింగు అరిగిందో, ఏ నాజిలు కారుతోందో విప్పకుండానే చెప్పేవాడు. విప్పి చూస్తే అదే ఉండేది.

తర్వాత బోర్లు పడ్డాయి, కరెంటు మోటార్లు వచ్చాయి. కరెంటు మోటారు కాలిపోయేదాకా ఒకే మాట మీద ఉంటుంది. దానికి చెవి ఆనించి లాభం లేదు. ఆయన భార్య ఈరక్క స్టేషన్ రోడ్డులో ఉగ్గాని, ఎర్రకారం దోశల బండి పెట్టుకుంటే, తిమ్మయ్య చట్నీ రుబ్బుతూ, కట్టెలు చీలుస్తూ పదేళ్లు గడిపాడు. పొట్టకు లోటు లేదు. కానీ పదేళ్లపాటు ఆయన్ను ఎవరూ ఏమీ వినమని అడగలేదు. దోశలు తినడానికి వచ్చినవాళ్లు "చట్నీ తిమ్మయ్యా" అని పిలిచిన రోజు ఆయన బండి వెనక్కి పోయి కాసేపు ఏడ్చాడు. ఆ సంగతి ఈరక్కకు తెలుసు, తెలిసినట్టు కనపడలేదు.

అందుకే గోవిందయ్య గారు పది మంది పదాధికారులతో దోశల బండి దగ్గరికి నడిచి వచ్చి, "ఏమప్పా తిమ్మయ్యా, నీ చెవి కావల్లప్పా" అన్నప్పుడు, తిమ్మయ్య చేతిలోని రుబ్బురోలు పొత్రం పక్కన పెట్టి, చేతులు కడుక్కొని, పెట్టె అడుగున పాత గుడ్డలో చుట్టి ఉన్న స్క్రూడ్రైవర్ తీశాడు. పెళ్లికొడుకును చేసినప్పుడు కూడా ఆయన అంత నిటారుగా నడవలేదని ఈరక్క తర్వాత చెప్పింది.

యార్డులో కారు స్టార్టు చేశారు. తిమ్మయ్య వంగి, స్క్రూడ్రైవర్ ఆనించి, కళ్లు మూసుకున్నాడు. ఆయనకు ఏమీ వినపడలేదు.

ఏమీ అంటే మరీ ఏమీ కాదు. ఎక్కడో నాలుగు వీధుల అవతల ఎవరో గోనెసంచి చించుతున్నట్టు లీలగా ఏదో ఉంది. ఇరవై ఐదేళ్లు ఇంజన్లకు చెవి ఒగ్గినందుకు ఇంజన్లు తమ కూలి తాము తీసుకున్నాయి: సన్నటి శబ్దాలన్నీ పట్టుకుపోయి మోటువి మాత్రం మిగిల్చాయి. లారీ వినపడుతుంది. గూడ్సు బండి వినపడుతుంది. గోవిందయ్య గారి ఉపన్యాసం, దురదృష్టవశాత్తూ, వినపడుతుంది. కుక్కరు కూత వినపడదు, ఫోను మోగితే వినపడదు. ఇప్పుడు ఈ నిమ్మకాయంత ఇంజన్ అరుపూ వినపడలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఊదేవాడికైనా తృప్తి ఉంటుంది. ఇక్కడ శంఖానికి చెవి పట్టినవాడే చెవిటివాడు.

తిమ్మయ్య కళ్లు తెరిచాడు. చుట్టూ పదకొండు మొహాలు. పదకొండూ ఆయన నోటి మాట కోసం చూస్తున్నాయి. "వినపడలేదప్పా" అన్న మాట నాలుక కొసదాకా వచ్చింది. దాని వెనకే చట్నీ రోలు కూడా కనపడింది. ఆయన స్క్రూను కొంచెం వదిలి, గోవిందయ్య గారి మొహం చూశాడు. కనుబొమలు అక్కడే ఉన్నాయి. ఇంకొంచెం వదిలాడు. కనుబొమలు పైకి లేచాయి. అక్కడ ఆపి, తృప్తిగా తల ఊపాడు. ఆయన తల ఊపగానే పదకొండు మొహాలూ వికసించాయి. "ఆ, ఇప్పుడు కుదిరింది, తీగ మీటినట్టుండాది" అన్నారు అధ్యక్షుల వారు.

మన సంఘం సాంకేతిక పద్ధతి ఆనాడు స్థిరపడింది. ఇంజన్ శబ్దం ఎలా ఉందో తెలుసుకోవడానికి తిమ్మయ్య అధ్యక్షుల మొహం చూసేవాడు. అదే తెలుసుకోవడానికి అధ్యక్షులు తిమ్మయ్య మొహం చూసేవారు. మిగతా పది మంది వాళ్లిద్దరి మొహాలూ చూసేవాళ్లు. ఇంజన్ మొహం ఎవరూ చూసేవాళ్లు కాదు. ఇలా వారం నడిచింది. వారం తర్వాత కారు మూడో చుట్టులో మాడు వాసన కొడుతూ ఆగింది.

ఆ వేళకు ఈరక్క అందరికీ ఉగ్గాని గంపలో పెట్టుకొని వచ్చింది. మొగుడు చెమటలు కక్కుతూ వంగి ఉండటం చూసింది. పక్కనే కూర్చొని, చెంబులో వేళ్లు ముంచి, పొద్దున లేస్తే పెనం మీద చేసే పనే ఇంజన్ నెత్తి మీద చేసింది. నీటి చుక్క పడీ పడకముందే చిటపటలాడి ఎగిరిపోయింది.

"ఇట్ల ఎగిరితే దోశ మాడుతాది," అందామె, ఆయనకు మాత్రమే అర్థమయ్యేలా పెదవులు కదిలిస్తూ. "కొంచెం వదులు. నీకు వినపడడం లేదని నాకు ఎప్పుడో తెలుసులేయ్యా."

తిమ్మయ్య వదిలాడు. ఇంకో చుట్టు తిప్పించి ఆమె మళ్లీ చుక్క వేసింది. చుక్క మెల్లగా బుడగలు కట్టి, మూడు లెక్కపెట్టేలోగా ఆవిరైంది. దోశకు అదే అదును. కారు ఆ సాయంత్రం బండల మీద నీలంగా సన్నటి పొగ వదులుతూ బాణంలా పోయింది.

ఆడమనిషి ఇంజన్ మీద నీళ్లు చల్లడమేమిటని ప్రచార కార్యదర్శి అడిగితే ఈరక్క తడుముకోలేదు. దిష్టి నీళ్లు అంది. సంఘానికి అంతకంటే వివరణ అవసరం లేకపోయింది. అప్పటి నుంచి ఆమె రోజూ వచ్చేది. చుక్క ఎగిరిపడితే "దిష్టి శానా ఉండాది" అనేది; తిమ్మయ్య స్క్రూ వదిలేవాడు. చుక్క కదలకుండా కూర్చుంటే "దిష్టి తగల్లేదు" అనేది, ఆయన బిగించేవాడు. అదును కుదిరితే "పోయింది" అనేది. ఆయన అప్పుడు స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి, కళ్లు మూసి, తల ఊపేవాడు. పదకొండు మంది తీగ మీటినట్టుందనేవాళ్లు.

నాలుగు నెలల్లో తిమ్మయ్య పేరు మళ్లీ కోయిలకుంట్ల దాకా పాకింది. ఒక పత్రిక జిల్లా ఎడిషన్‌లో ఆయన చెవి ఫోటో వేశారు. మనిషికి చోటు చాలక చెవి ఒక్కటే వేశారు. దోశల బండి దగ్గర జనం "చెవి తిమ్మయ్య గారూ" అనసాగారు. ఆయన చట్నీ రుబ్బుతూనే ఉన్నాడు గాని, ఆ చట్నీ వేరు. పేరుతో పాటు భయం కూడా వచ్చింది. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే, వినపడలేదని తెలిసిపోతుందేమోనని, ఆయన పిలవకముందే వెనక్కి తిరిగి చూసే అలవాటు చేసుకున్నాడు. రోడ్డు మీద పది అడుగులకోసారి తిరిగేవాడు. మహానుభావులు అలాగే ఉంటారని ఊరు అనుకుంది.

అప్పుడు కడప నుంచి ఉత్తరం వచ్చింది. కడప వాళ్లకూ అలాంటి సంఘమే ఉంది. వాళ్లకు అధ్యక్షులు ఇద్దరు కనుక కార్లు కూడా రెండు. ఇద్దరిలో అరుణ్ కుమార్ గారి దగ్గర కువైట్ నుంచి వచ్చిన, తుపాకీ ఆకారంలో ఉన్న ఒక యంత్రం ఉందట. ఇంజన్ వైపు చూపిస్తే ఎంత వేడిగా ఉందో డిగ్రీల్లో అంకె చెబుతుందట. ఉభయ జిల్లాల నైట్రో మోటారు మహోత్సవం, కార్ల పందెంతో సహా, ఏప్రిల్ రెండో ఆదివారం డోన్‌లో జరపాలని ఒప్పందమైంది.

అంకెలు చెప్పే తుపాకీ మాట విన్న ప్రదీప్‌కుమార్‌కు అన్నం సయించలేదు. వాళ్లు యంత్రం పట్టుకొని వస్తుంటే మనం చెంబు పట్టుకొని నిలబడితే జిల్లా పరువేం కావాలి? అత్యవసర సమావేశం జరిగింది. పదిహేడో తీర్మానం: శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించవలసిన బాధ్యత సంఘంపై ఉన్నందున, దిష్టి నీళ్లు చల్లుట వంటి మూఢాచారములు ఇందుమూలముగా నిషేధించబడినవి. మహోత్సవం నాడు ఇంజన్ సర్దుబాటు కేవలం శ్రీ తిమ్మయ్య గారి చెవిచే, శాస్త్రీయంగా జరుగును.

సంఘంలో కొలిచే సాధనం ఒక్కటే ఉండేది. సైన్సు పేరు చెప్పి దాన్ని రద్దు చేశారు. మూడో సహ కార్యదర్శి సహా అందరూ చేతులెత్తారు.

తిమ్మయ్య గోవిందయ్య గారి దుకాణానికి పోయి, ఆ నీళ్లు ఉండనీ అప్పా అని బతిమాలాడు. అంత చెవి పెట్టుకొని చెంబుతో పనేమిటని ఆయన నవ్వి, సోడా తెప్పించి, సాగనంపారు. ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డ మొగుడి ఎదురుగా వచ్చి కూర్చుంది ఈరక్క.

"నిజం చెప్పేయ్," అంది. "చెవి పోతే పోయిందిలే. చెయ్యి ఉండాది కదా."

"నీకు తెల్దు," అన్నాడు తిమ్మయ్య. "పేరు ఒగసారి వచ్చి పోయింది. పదేండ్లకు మళ్లా వచ్చింది. ఈసారి పోతే నేను చచ్చేలోపల రాదు."

ఆమె పిండి రుబ్బడానికి లేచింది.

మహోత్సవం నాడు ఎండ నలభై రెండు డిగ్రీలు. ఆ అంకె చెప్పింది అరుణ్ కుమార్ గారి తుపాకీయే. ఆయన దాన్ని మంచి గుడ్డలో చుట్టి తెచ్చి, వేదిక మీద గోవిందయ్య గారి వైపు, మైకు వైపు, మజ్జిగ కుండ వైపు చూపించి తలా ఒక అంకె చెప్పారు. డోన్ పెద్దలు ఎంతగా ముగ్ధులయ్యారంటే తుపాకీకి కుంకుమ పెట్టారు. వేళకు కరెంటు పోయింది. మైకు కోసం షామియానా వెనకాల అద్దె జెనరేటర్ వేశారు. అది దబదబమని పెద్ద గొంతుతో మొదలుపెట్టింది.

అతిథులకు పొగ కనపడాలని ముందే కారు స్టార్టు చేసి, వేదిక ముందు బల్ల మీద, పూలమాల మధ్యలో నిలబెట్టారు. దాని నూనె తొట్టి టీ గ్లాసులో సగం పట్టదు. పది నిమిషాలకు మించి రాదు. గోవిందయ్య గారు మైకు అందుకున్నారు.

"డోన్ గడ్డ మీద పుట్టిన ప్రతి ఒక్కరికీ ఇంజన్ అంటే ఏమో నేను చెప్పనక్కర లేదు. మన జంక్షన్‌లో మనం రైలు బండ్లకే దారి చూపించినోళ్లం. ఈనాడు ప్రపంచమంతా యంత్రాల ఎనక పోతాంటే, మనం మాత్రం మనిషి చెవిని నమ్మినాం. ఆ చెవి తిమ్మయ్యది కాదు. అది మన జిల్లాది."

ఉపన్యాసం నలభై నిమిషాలు సాగింది. కారు ఎనిమిదో నిమిషంలో ఆగిపోయింది. ఎవరూ గమనించలేదు. వెనక జెనరేటర్ దబదబలాడుతూనే ఉంది, మైకు గీ పెడుతూనే ఉంది, ముందు బల్ల మీద ఏదో ఇంజన్ ఉందని అందరికీ తెలుసు. ఆ మాత్రం చాలు.

జెనరేటర్ శబ్దాన్ని విన్నవాడు ఆ మైదానంలో ఒక్కడే. తిమ్మయ్య. అది ఆయనకు తెలిసిన మోటు గొంతు. నాలుగు దెబ్బలకోసారి ఒక దెబ్బ తడబడుతోంది, నాజిలు కారుతోంది. కారు కోసం కుర్చీలో బిగుసుకొని కూర్చున్నవాడి మనసు పదేపదే ఆ తడబాటు దగ్గరికి పోతోంది. ఎవరైనా దాన్ని చూస్తే బాగుండునని ఆయనకు అనిపించింది.

ఉపన్యాసం ముగిసింది. తిమ్మయ్య గారిని ఇంజన్ సర్దవలసిందిగా ప్రదీప్‌కుమార్ మైకులో అభ్యర్థించాడు. రెండు జిల్లాల జనం కుర్చీల్లో ముందుకు వంగారు. తిమ్మయ్య బల్ల దగ్గరికి వచ్చి, వంగి, స్క్రూడ్రైవర్ ఆనించి, కళ్లు మూసుకున్నాడు. ఆగిన ఇంజన్‌కూ తిరిగే ఇంజన్‌కూ ఆయన చెవికి తేడా లేదు. స్క్రూను అంగుళంలో అణువంత బిగించి, గోవిందయ్య గారి మొహం చూశాడు. కనుబొమలు లేచాయి. తల ఊపాడు.

"ఆ, కుదిరింది," అన్నారు గోవిందయ్య గారు. షామియానా అంతా హాయిగా ఊపిరి వదిలింది. కడప వాళ్ల రెండో అధ్యక్షుడు ఇలాంటి పలుకు తాను హైదరాబాదులో కూడా వినలేదన్నాడు. అరుణ్ కుమార్ గారు లేచి, తుపాకీని ఇంజన్ వైపు చూపించి, గంభీరంగా ప్రకటించారు: "నూట పది డిగ్రీలు. బ్రహ్మాండంగా ఉండాది." అందులో బ్యాటరీ లేదనీ, కువైట్‌లోనే అయిపోయిందనీ, ఇక్కడ ఆ రకం దొరకలేదనీ ఆయన డ్రైవరు తర్వాత మజ్జిగ దగ్గర చెప్పాడు.

అప్పుడు ఈరక్క వచ్చింది. టిఫిన్ల గంప కింద పెట్టి, నిషేధాజ్ఞను తొక్కుకుంటూ నేరుగా బల్ల దగ్గరికి వచ్చి, చెంబులో వేళ్లు ముంచి ఒక చుక్క వేసింది. చుక్క ఇంజన్ నెత్తి మీద గుండ్రంగా, నింపాదిగా కూర్చుంది. అంత ఎండలోనూ కదల్లేదు. ఈరక్క మొగుడి కళ్లలోకి చూసి పెదవులు కదిలించింది.

"ఎప్పుడో ఆగిపోయింది."

తిమ్మయ్య చుక్కను చూశాడు. తర్వాత వేదిక మీది మొహాలను ఒక్కొక్కటిగా చూశాడు. వికసించి ఉన్నాయి. ఏడాదిలో సగం ఆయన ఎవరి చెవులకు భయపడ్డాడో ఆ చెవులన్నీ అక్కడ వరసగా కూర్చొని, చచ్చిన ఇంజన్ పాట వింటున్నాయి. ముందు ఆయనకు నవ్వొచ్చింది. వెంటనే సిగ్గు వేసింది, ఎందుకంటే ఆ వరసలో మొదటివాడు తానే. ఇక దాయడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. ప్రదీప్‌కుమార్ చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"అప్పా, అందరూ వినండి. నాకు ఈ కారు కూత వినపడదు. మొదటి దినం నుంచీ వినపడలేదు. మీ మొగాలు చూసి తిప్పుతాండా. సరిగ్గా సర్దింది నా పెండ్లాము, పెనం మీద సర్దినట్ల. ఇప్పుడు ఈ ఇంజన్ ఆగిపోయి అరగంటయింది. చెయ్యి పెట్టి చూసుకోండి."

జీవితమంతా కాచుకున్న పేరును ఆయన అలా అందరి ముందూ కింద పెట్టేసి, ఎవరైనా తన్నుతారేమోనని నిలబడ్డాడు.

గోవిందయ్య గారు భుజం మీది తువ్వాలుతో కళ్లొత్తుకున్నారు. "చూసినారా వినయం," అన్నారు. "ఇంత చెవి పెట్టుకొని వినపడదంటాండాడు. తన పేరు తీసి పెండ్లానికి ఇస్తాండాడు." చప్పట్లు మొదలయ్యాయి. కడప జిల్లాలో ఇంతటి వినయం లేదని, ఉన్నా ఇద్దరు అధ్యక్షుల మధ్య పంచవలసి వస్తుందని అరుణ్ కుమార్ గారు వాపోయారు. తిమ్మయ్య "నిజమప్పా, నిజంగానే వినపడదప్పా" అన్నకొద్దీ చప్పట్లు పెరిగాయి. ఎవరూ బల్ల దగ్గరికి వచ్చి చెయ్యి పెట్టి చూడలేదు. పదకొండు మందికీ, కడప వాళ్లకూ, చూడకుండా ఉండటానికి సరిపడా కారణాలు ఉన్నాయి. అక్కడికక్కడే పద్దెనిమిదో తీర్మానం ఆమోదించారు: అంతిమ ప్రమాణంగా ఉండుటకు చెవికి వినపడుట తప్పనిసరి కాదు.

పోగొట్టుకుంటానని భయపడ్డ పేరు, పోగొట్టుకుందామన్నా పోలేదు. తిమ్మయ్య మెడలో దండతో షామియానా వెనక్కి నడిచాడు. ఎవరూ పిలవలేదు. పిలిచినా ఆయన వెనక్కి తిరిగేవాడు కాదు. జెనరేటర్ దగ్గర కూర్చొని స్క్రూడ్రైవర్ ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఆ రోజు మొదటిసారి లోపలి నుంచి నిజంగా ఏదో వినపడింది. మెడలో దండ తీసి పక్కన పెట్టి, పానా అడిగి, నాజిలు నట్టు సరిచేశాడు. తడబాటు పోయింది. మైకు గీ పెట్టడం మానేసింది.

"ఎట్ల కనుక్కుంటివన్నా?" అన్నాడు జెనరేటర్ మనిషి. అతనికి సంఘం గురించి తెలియదు, చెవి గురించి తెలియదు.

"వినపడిందప్పా," అన్నాడు తిమ్మయ్య. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

వేదిక మీద మైకు హఠాత్తుగా స్పష్టం కావడం తమ గొంతు వల్లనేనని గోవిందయ్య గారు భావించి, ఇంకో పావుగంట మాట్లాడారు. పందెం ఎవరు గెలిచారని అడిగేవారికి: ఉభయ జిల్లాలూ గెలిచాయి. శబ్దం ఆధారంగా తీర్పు చెప్పారు. తర్వాత విజయోత్సవ ప్రదక్షిణ కోసం కారులో నూనె పోసి తాడు లాగారు. సమైక్యతకు గుర్తుగా ఉభయ సంఘాల పెద్దలూ తలా ఒక పావు తిప్పు బిగించారు. ఈరక్క చెంబు పట్టుకొని అడ్డం రాబోతే పదిహేడో తీర్మానం గుర్తు చేశారు. కారు పిచ్చెత్తినట్టు మూడు చుట్లు తిరిగింది. నాలుగో చుట్టులో లోపల అంతా కలిసి ఒకే లోహపు ముద్దయింది. ఇక తాడు లాగినా కదల్లేదు.

ఇప్పుడా కారు సంఘ కార్యాలయంలో, జపాను పుస్తకం పటం కింద, గాజు పెట్టెలో ఉంది. ఏటా ఏప్రిల్ రెండో ఆదివారం దాన్ని బయటికి తీసి, బల్ల మీద పెట్టి, జెనరేటర్ వేసి, రెండు నిమిషాలు దాని పలుకు ఆలకించడం ఆనవాయితీ అయింది. తిమ్మయ్య గారిని పిలిచి దండ వేస్తారు. ఆయన దండ వేయించుకొని, ఏమీ అనకుండా, షామియానా వెనక్కి పోతాడు. ఏటా జెనరేటర్ మాత్రం చాలా బాగా పనిచేస్తుంది. ఈరక్క దోశలు పంపుతుంది గాని తాను రాదు. పని ఉందంటుంది.

మొన్నటి ఏడు ఆ రెండు నిమిషాలలో మూడో సహ కార్యదర్శికి కళ్లు చెమర్చాయి. ఈ కథ రాసినవాడు ఆయనే. ఇంజన్ ఎలా పలికిందని పక్కనున్నవారు అడిగితే, తీగ మీటినట్టుందని చెప్పాడు. అబద్ధం చెప్పానని ఆయనకు అనిపించలేదు.

వచ్చే ఏప్రిల్‌లో మీరూ రండి. ఏమీ వినపడకపోతే కంగారు పడకండి. పక్కవాడి మొహం చూడండి. అతను అప్పటికే మీ మొహం చూస్తూ ఉంటాడు.